తక్కువ ధరలో చిన్న క్యాలిబర్ రైఫిల్ కొనాలనుకునే బెజవాడ, గుంటూరు వాళ్ళకి

"అన్నా, కుందేళ్ళకీ కౌజు పిట్టలకీ పనికొచ్చేలా తక్కువలో ఒక రైఫిల్ చెప్పవా" అని అడిగేవాళ్ళకి ముందు ఒక మాట చెప్పేసి తర్వాత గన్ను సంగతికొద్దాం. మన దగ్గర వేట లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం కుందేలు కొట్టినా కౌజు పిట్ట కొట్టినా కేసే, కొట్టడం దాకా కూడా అక్కర్లేదు, ఉచ్చు పెట్టినా, ఎర వేసినా, కొట్టబోయి గురి తప్పినా చట్టం దాన్నీ వేట అనే అంటుంది. 2022 సవరణతో మామూలు కేసుల్లో జరిమానా 25 వేల నుంచి లక్ష దాకా పోయింది, జైలు 3 ఏళ్ళ వరకు ఉంటుంది, నెమలి లాంటి షెడ్యూల్ 1 వాటి జోలికి పోతే 3 ఏళ్ళు కనీసం. ఊరకుక్కల్నీ కోతుల్నీ బెదిరించడానికి అనేవాళ్ళు కూడా ఉంటారు, జంతుహింస చట్టం 1960 నుంచి ఉందండీ బాబూ. ఉప్పలపాడు చెరువు మీద గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు వేలల్లో వాలతాయి కదా, అటువైపు గన్ను భుజాన వేసుకుని అస్సలు తిరగొద్దు, ఊరివాళ్ళే పట్టుకుంటారు. కౌజు పిట్ట తినాలని ఉంటే ఫారం పిట్ట దొరుకుతుంది, తెచ్చుకుని వేపుడు చేసుకోండి, దానికి గన్నెందుకు.

మరి ఇంక మిగిలేదేంటి అంటే కాగితం టార్గెట్, కూల్‌డ్రింక్ టిన్నులు, బెలూన్లు. తక్కువేం కాదు. కోటప్పకొండ తిరనాళ్ళలో బెలూన్ల కొట్టు ముందు నిలబడి ఒక్కటి కూడా పగలగొట్టలేక గన్నుని తిట్టుకున్నవాళ్ళందరికీ తెలుసు గురి ఎంత కష్టమో. 2008 బీజింగ్‌లో అభినవ్ బింద్రా గోల్డ్ కొట్టింది, 2012 లండన్‌లో మన హైదరాబాద్ గగన్ నారంగ్ కాంస్యం తెచ్చింది మందుగుండు లేకుండా గాలి ఒత్తిడితో గుండు కొట్టే ఎయిర్ రైఫిల్ ఆటలోనే, 10 మీటర్ల దూరం నుంచి అర మిల్లీమీటరు చుక్క మీద.

ఇప్పుడు లైసెన్స్ సంగతి. బోరు, అంటే బారెల్ గొట్టం లోపలి వెడల్పు, 4.5 మిల్లీమీటర్లు (పాయింట్ 177 అంగుళం) దాటకుండా, గుండు బయటికొచ్చేటప్పటి శక్తి 20 జౌళ్ళు దాటకుండా ఉంటే ఎయిర్ గన్నుకి ఆర్మ్స్ రూల్స్ 2016 కింద లైసెన్స్ అక్కర్లేదు, షాపువాడు ఆధార్ జిరాక్స్, ఫోన్ నంబర్ తీసుకుని బిల్లిస్తాడు, బిల్లు జాగ్రత్తగా దాచుకోండి. 5.5 మిల్లీమీటర్లది, అంటే పాయింట్ 22 ఎయిర్ రైఫిల్ అయితే లైసెన్స్ కావాలి. ఇక మందుగుండుతో పేలే పాయింట్ 22 ఎల్‌ఆర్ (లాంగ్ రైఫిల్ అనే తూటా) రైఫిల్ అయితే పూర్తిగా వేరే దారి, బెజవాడలో పోలీస్ కమిషనర్, కమిషనరేట్ లేని చోట కలెక్టర్ ఇవ్వాలి, అదీ కారణం గట్టిగా చూపిస్తేనే, పైగా 2019 నుంచి మనిషికి రెండు తుపాకులే లిమిట్, ఎలక్షన్లొస్తే స్టేషన్లో డిపాజిట్ చేసి రావాలి. బడ్జెట్‌లో అడిగేవాళ్ళకి ఆ గోల వద్దు, పాయింట్ 177 ఎయిర్ రైఫిల్ చాలు.

కొనేటప్పుడు అందరూ పడే గొయ్యి ఎఫ్‌పీఎస్ నంబరు, అంటే గుండు సెకనుకి ఎన్ని అడుగులు పోతుందో చెప్పేది. ఇది 1000 ఎఫ్‌పీఎస్, అది 1200 ఎఫ్‌పీఎస్ అని పెట్టె మీద పెద్దక్షరాలతో ఉంటుంది, మనవాళ్ళు బైకు మైలేజీ చూసినట్టు అదే చూస్తారు. ఆ స్పీడు చాలాసార్లు తేలికపాటి అలాయ్ (మిశ్రమ లోహం) పెల్లెట్‌తో, అంటే ఎయిర్ గన్ను గుండుతో తీసింది. అసలు మనం వాడే సీసం పెల్లెట్ 8 గ్రెయిన్లు, అంటే అర గ్రాము కంటే కాస్త ఎక్కువ, అది సెకనుకి 800 అడుగులతో పోతే శక్తి 15 జౌళ్ళ పైచిలుకు, అదే పెల్లెట్ 910 దాకా వెళ్తే 20 జౌళ్ళు, అక్కడితో చట్టం లిమిట్ అయిపోయింది. అంటే 8 గ్రెయిన్ల సీసంతో నిజంగా 1000 కొట్టే గన్నైతే అది లైసెన్స్ కావాల్సిన గన్ను, కొట్టకపోతే పెట్టె మీది మాట ఉత్తిదే, రెండిట్లో ఏదైనా మీకు ఒరిగేదేం లేదు. పైగా ఎఫ్‌పీఎస్ 1100 దగ్గరికొచ్చేసరికి శబ్ద వేగం తగిలి పెల్లెట్ ఊగిపోతుంది, గురి పోతుంది. 10 మీటర్ల టార్గెట్‌కి 600 ఎఫ్‌పీఎస్ ఉన్నా చాలా ఎక్కువ.

రకాల్లో మన బడ్జెట్‌కి స్ప్రింగ్ గన్నే, అంటే లోపలి స్ప్రింగ్ పిస్టన్‌ని నెట్టి గాలిని ఒత్తేది, అదీ బారెల్ మధ్యకి విరిచి లోడ్ చేసేది. పీసీపీ అని గాలి నింపుకునేది చాలా బాగుంటుంది, కాల్చినప్పుడు ఝాడింపు, అంటే గన్ను కుదుపు ఉండదు, కానీ గన్ను రేటు రెండు మూడింతలు, మీద 200 బార్ల ఒత్తిడికి పైగా గాలి కొట్టే పంపు ఖర్చు వేరే, ఆ పంపు కొట్టడం మే నెల ఎండల్లో జిమ్ కంటే ఎక్కువ. మన దేశంలో తయారైనవాటిలో ప్రెసిహోల్, ఎస్‌డీబీ లాంటి కంపెనీలవి ఉన్నాయి. నా సలహా ఏంటంటే 15 వేలు చేతిలో ఉంటే గన్నుకి 11 పెట్టండి, మిగతాది పెల్లెట్లకీ టార్గెట్ డబ్బాకీ ఉంచండి, 15 గన్నుకే పెట్టేసి చౌక పెల్లెట్లు వాడితే ఏం లాభం.

షాపుకెళ్ళి చేతిలోకి తీసుకున్నాక చూడాల్సింది బారెల్ మడత దగ్గర. బారెల్ మూసేసి చివర పట్టుకుని పక్కకి అటూ ఇటూ ఊపండి, కొంచెం కూడా టకటకమనకూడదు, అక్కడ లూజుంటే ప్రతిసారి బారెల్ వేరే చోట కూర్చుంటుంది, ఎంత ఖరీదు స్కోప్ (గురి చూసే దుర్భిణి) పెట్టినా దండగ. తర్వాత విరిచి చూడండి, బారెల్ వెనక నల్ల రింగు సీలు ఉంటుంది, అది నలిగిందా చిరిగిందా గోరుతో తడిమి చూడండి. కాల్చే అవకాశం ఇస్తే ఆ అతుకు మీద సన్నగా చించిన టిష్యూ ముక్క వేసి కాల్చండి, అది ఎగిరితే గాలి అక్కడే పోతోందన్నమాట. ఖాళీగా మాత్రం ట్రిగ్గర్ నొక్కొద్దు, ముందు పెల్లెట్ లేకపోతే పిస్టన్ నేరుగా పోయి గుద్దుకుని సీలు పోతుంది. ఇంకోటి, పెల్లెట్ పెట్టేటప్పుడు ఒక చేత్తో బారెల్ గట్టిగా పట్టుకునే ఉండాలి, వదిలేశాక ట్రిగ్గర్ తగిలిందంటే బారెల్ ఒక్క దెబ్బకి మూసుకుంటుంది, మధ్యలో వేలుంటే వేలు పోతుంది. ఇంట్లో చెల్లెలో అమ్మాయో కూడా కాలుస్తారంటే వాళ్ళ చేత ఒకసారి విరిపించండి, గట్టి స్ప్రింగైతే పదిసార్లకే చేతులు పడిపోతాయి, వాళ్ళకి తక్కువ పవర్ మోడలే మేలు.

స్కోప్ మొదట్లో వద్దు. గన్ను మీద ముందు వెనక ఉండే మామూలు సైట్లతో, అంటే గురి చూసే గుర్తులతో నేర్చుకోండి, మన పోటీల్లో ఓపెన్ సైట్ విభాగం కూడా ఉంది. తర్వాత కొన్నా స్ప్రింగ్ గన్నుకి తట్టుకునేదే అడగండి, స్ప్రింగ్ ముందుకీ వెనక్కీ రెండువైపులా ఝాడిస్తుంది కాబట్టి మామూలు స్కోప్ లోపల అద్దాలు కదిలిపోతాయి. గన్ను బిగించి పట్టుకోవడం కూడా తప్పే, ఎడమ అరచేతి మీద ఊరికే ఆనించి, భుజానికి మెత్తగా తాకించి వదిలేయాలి, దాని దారిన దాన్ని ఊగనిస్తేనే పెల్లెట్లు ఒకేచోట పడతాయి.

పెల్లెట్ల విషయంలో ఒక్కో బారెల్‌కి ఒక్కో ఇష్టం. ముందు బల్లపరుపుగా ఉండేది కాగితం మీద గుండ్రంగా కోసినట్టు చిల్లు పెడుతుంది, 10 మీటర్లకి అదే, దూరం పెరిగితే ముందు గుండ్రంగా ఉండేది. రెండు మూడు రకాల చిన్న డబ్బాలు తెచ్చి ఒక్కోదాంతో అయిదేసి కాల్చి, ఏది దగ్గర దగ్గరగా పడితే దాన్నే పెద్ద డబ్బా తీసుకోండి. సీసం కాబట్టి కాల్చాక చేతులు సబ్బుతో కడుక్కునే ఏదైనా తినండి.

మా బాబాయ్ కొడుకు టెక్సాస్‌లో ఉంటాడు, వాడికైతే సంగతి వేరు, అక్కడ లైసెన్స్ తీసుకుని ఉడతల్నీ కుందేళ్ళనీ వేటాడొచ్చు. అలాంటివాళ్ళకి పాయింట్ 22 ఎల్‌ఆరే సరైనది, రూగర్ 10/22 గానీ సావేజ్ మార్క్ 2 గానీ ఆ రకం రైఫిళ్ళే, తూటా చౌక, మాంసం పాడవదు, పాయింట్ 17 హెచ్‌ఎంఆర్ అని ఇంకో రకం తూటా ఉంది, అది ఖరీదెక్కువ, చిన్న జంతువుని చీల్చేస్తుంది. హెచ్‌1బీ మీద ఉన్నవాళ్ళు మాత్రం ఒకటి గుర్తుపెట్టుకోవాలి, అక్కడి ఫెడరల్ చట్టంలో వీసా మీద ఉన్నవాళ్ళ దగ్గర తుపాకీ ఉండటమే నేరం, హంటింగ్ లైసెన్స్ చెల్లుబాటులో ఉంటే అది ఒక మినహాయింపు. గ్రీన్ కార్డ్ వాళ్ళకి ఈ బాధ లేదు.

మళ్ళీ మన ఊరికొస్తే, డాబా మీద కాల్చేవాళ్ళు గోడకో ఇనప రేకుకో టార్గెట్ అతికించొద్దు, సీసం తిరిగొచ్చి కంట్లో పడుతుంది, కళ్ళద్దాలు పెట్టుకోండి. మందపాటి చెక్క పెట్టెలో పాత బట్టలు, చీర ముక్కలు కుక్కి దాని ముందు టార్గెట్ పెట్టండి, వెనక పక్కింటి డాబా లేకుండా చూసుకోండి, పక్కింట్లో ఎవరికన్నా తగిలితే లైసెన్స్ అక్కర్లేని గన్నైనా కేసు కేసే. బయటికి తీసుకెళ్తే కవర్లో, లోడ్ చేయకుండా, బిల్లు కాపీతో. ఇక మన ఉక్కపోతకి ఇనుము మీద వేలిముద్రలకే తుప్పొస్తుంది, కాల్చాక నూనె గుడ్డతో బారెల్ బయట తుడిచేయండి, లోపల పిస్టన్ గదిలో మాత్రం ఒక్క చుక్క నూనె కూడా వేయొద్దు, ఆ ఒత్తిడికి అది అంటుకుని డీజిల్ ఇంజన్లోలా పేలుతుంది, సీలు కాలిపోతుంది.