బైలకుప్పె మఠం మీద డాక్యుమెంటరీ తీయాలనుకునేవాళ్లకు

బైలకుప్పె అంటే కర్ణాటకలో కూర్గ్ దారిలో ఉన్న టిబెటన్ శరణార్థుల ఊరు. ముందు అక్కడి నామ్‌డ్రోలింగ్ మఠంలో ఉన్న గోల్డెన్ టెంపుల్‌ని పక్కన పెట్టండి. కూర్గ్ ట్రిప్‌కి వెళ్లొచ్చిన మనవాళ్లందరి ఫోన్లలోనూ ఆ మూడు బంగారు విగ్రహాల ఫొటో ఉంటుంది, మధ్యలో బుద్ధుడు, అటూ ఇటూ పద్మసంభవుడు, అమితాయుస్సు. ఇంకొక్కటి మీరు తీస్తే కొత్తగా వచ్చేదేమీ లేదు. మీకు కావలసింది ఆ గుడి వెనకాల నడిచే జీవితం. ఇంకా చీకటి ఉండగానే వంటశాలలో రొట్టెలు ఒత్తేవాళ్లు, ముందుకీ వెనక్కీ ఊగుతూ పాఠం వల్లెవేసే పదేళ్ల పిల్లవాడు, గేటు బయట మొక్కజొన్న చేలు, ఆ చేలల్లో పనికొచ్చే కన్నడ కూలీలు, చలికాలం స్వెట్టర్ల మూటలు కట్టుకుని మన ఊళ్లదాకా వచ్చే ఆడవాళ్లు. మఠానికి పిల్లల్ని పంపేదీ, బియ్యం పంపేదీ ఊరే. అందుకని మఠం గురించి సినిమా తీస్తున్నానంటే ఆ ఊరి గురించి కూడా తీస్తున్నట్టే అని మొదటి రోజే రాసి పెట్టుకోండి. నేను మొదటిసారి వెళ్లినప్పుడు ఇది తెలియక రెండు వారాలు లోపలే తిరిగాను, ఆ ఫుటేజీలో ఎంతో అందం ఉంది కానీ కథ లేదు.

వెళ్లేముందు కాస్త చదువుకుని వెళ్లండి. 1959లో దలైలామా భారతదేశానికి వచ్చాక ఆయన వెనకే వచ్చిన శరణార్థులకు అప్పటి మైసూరు రాష్ట్రం ఇచ్చిన అడవి భూమిలో మొదటి సెటిల్‌మెంట్, అంటే శరణార్థుల నివాసం, లుగ్సుంగ్ సామ్‌డుప్లింగ్ వెలిసింది, 1969లో రెండోది డిక్యీ లార్సో వచ్చింది. 1963లో పెనోర్ రింపోచే అనే టిబెటన్ గురువు మొదలుపెట్టినప్పుడు నామ్‌డ్రోలింగ్ వెదురుతో కట్టిన చిన్న గుడి, ఇప్పుడు మనం చూసే బంగారు గుడి 1999లో ప్రారంభమైంది. పక్కనే సెరా ఉంది, లాసా దగ్గర 1419లో పుట్టిన మఠాన్ని ఇక్కడ మళ్లీ నిలబెట్టారు. టిబెటన్ బౌద్ధంలో వేర్వేరు శాఖలున్నాయి, నామ్‌డ్రోలింగ్‌ది నింగ్మా సంప్రదాయం, సెరాది గెలుగ్. ఈ రెండూ కలిపేసి మాట్లాడితే మీరేమీ తెలుసుకోకుండా వచ్చారని వాళ్లకు వెంటనే అర్థమైపోతుంది. ఊళ్లను అక్కడ క్యాంపులంటారు, ఒకటో క్యాంపు, రెండో క్యాంపు అని, దారి అడగాలన్నా అలాగే అడగాలి.

ఇక అనుమతి. ఒక్క పేజీ ఉత్తరం రాయండి, మఠం ఆఫీసుకి ఒకటి, సెటిల్‌మెంట్ ఆఫీసుకి ఒకటి. ఎంతమంది వస్తారు, ఎన్ని రోజులుంటారు, ఏమేం తీస్తారు, ఏవి తీయరు, సినిమా ఎక్కడ వేస్తారు, మిగిలిన ఫుటేజీ ఎవరి దగ్గర ఉంటుంది, అంతే. మీకున్న అవార్డుల జాబితా వాళ్లకు అక్కర్లేదు, 'ఏవి తీయరు' అన్న ముక్క మాత్రం తప్పకుండా ఉండాలి. జవాబు ఆలస్యమైతే తొందరపెట్టకండి. ఫ్రాన్స్ ఆల్ప్స్ కొండల్లో గ్రాండ్ షార్త్రూజ్ అనే క్రైస్తవ మఠం ఉంది, అక్కడ సినిమా తీస్తానని 1984లో అడిగిన జర్మన్ దర్శకుడికి సరేనన్న జవాబు రావడానికి 16 ఏళ్లు పట్టింది, మీకు అన్నేళ్లు పట్టదు. విదేశీ పాస్‌పోర్టు ఉన్నవాళ్లు మీ టీమ్‌లో ఉంటే, అమెరికా పౌరసత్వం తీసుకున్న మన తెలుగువాళ్లయినా సరే, సెటిల్‌మెంట్‌లో బస చేయడానికి ప్రత్యేక పర్మిట్ కావాలి, నెలల ముందే అప్లై చేయాలి. ఇంకో మాట, ఆఫీసు ఒప్పుకున్నంత మాత్రాన అంతా అయిపోయినట్టు కాదు. ప్రార్థన మందిరంలో క్రమశిక్షణ చూసే సన్యాసి ఒకరుంటారు, గెకో అంటారు, ఆయన కళ్లతో వద్దంటే కెమెరా దించేయాలి.

మొదటి వారం కెమెరా గదిలోనే ఉంచండి. ఇది చెబితే అందరూ తలూపుతారు, ఎవరూ చేయరు. పొద్దునా సాయంత్రం ముసలివాళ్లు గుడి చుట్టూ ప్రదక్షిణం చేస్తారు, కోరా అంటారు, మనలాగే కుడివైపుగా. వాళ్లతో పాటు నడవండి. అలా నడుస్తున్న ఒక సాయంత్రం నా పక్కన ఒక పెద్దాయన జపమాల తిప్పుకుంటూ ఏ ఊరని హిందీలో అడిగారు. గుంటూరు అన్నాను, ఆయనకి తెలియలేదు. అమరావతి దగ్గర అన్నాను. మాల తిప్పుతున్న వేలు అలాగే ఆగిపోయింది. కాలచక్రం అనే తంత్ర బోధని బుద్ధుడు మొదట చెప్పింది ధాన్యకటకంలోనే, అంటే మన అమరావతిలోనే అని టిబెటన్ల నమ్మకం, వాళ్ల పెద్ద మఠాల్లో ఒకటైన డ్రేపుంగ్ పేరుకి అర్థం ధాన్యపు రాశి, అంటే మన ధాన్యకటకమే. 2006 జనవరిలో దలైలామా అమరావతిలో ఆ కాలచక్ర దీక్ష జరిపినప్పుడు ఈ పెద్దాయన కూడా వచ్చారట, స్తూపం దగ్గర మట్టి చిటికెడు చిన్న గుడ్డలో కట్టుకుని తెచ్చుకున్నారట. మర్నాడు ఇంటికి పిలిచి ఆ మూట చూపించారు, పసుపు గుడ్డ, ముడి దగ్గర రంగు వెలిసిపోయి ఉంది. అప్పటికింకా నేను కెమెరా బయటికి తీయలేదు, సినిమాలో ఆ మూట లేదు, కానీ ఆ తర్వాత ఆ క్యాంపులో నాకు తెరుచుకున్న ప్రతి తలుపూ ఆ మట్టి వల్లే తెరుచుకుంది. నాగార్జునుడి మాధ్యమక తత్వ గ్రంథాల్ని ఆ మఠాల్లో ఏళ్ల తరబడి చదువుతారు, మనం నాగార్జునకొండని డ్యామ్ పక్కన పిక్నిక్ స్పాట్‌గా చూసి వచ్చేస్తాం. మన దగ్గర్నుంచి వెళ్లేవాళ్లు కనీసం ఈ చుట్టరికం తెలుసుకుని వెళ్లాలని నా కోరిక.

మాట తీరు గురించి. పేరు చివర 'లా' అంటే మన 'గారు' లాంటిది. గురువుని గెన్-లా, సన్యాసినిని ఆనీ-లా, పెద్దావిడని ఆమా-లా అనండి. కనిపించిన సన్యాసినల్లా లామా అనకండి, లామా అంటే గురువు. అందరూ టిబెట్ నుంచి వచ్చారని కూడా రాసేయకండి, లడఖ్, అరుణాచల్, సిక్కిం, నేపాల్, భూటాన్ నుంచి వచ్చి చదువుకునేవాళ్లు చాలామంది, 2008 తర్వాత టిబెట్ నుంచి కొత్తగా రావడం బాగా తగ్గిపోయింది. కుర్రవాళ్లతో హిందీలో నెట్టుకురావచ్చు. పొలం చేసిన పెద్దవాళ్లకు హిందీ కంటే కన్నడమే బాగా వస్తుంది, కాబట్టి కన్నడం వచ్చిన మనిషి ఒకరు తోడుంటే చాలా మేలు. టిబెటన్‌లో ఇంటర్వ్యూ చేస్తే మధ్యలో అనువాదకుణ్ణి ఆపి ఆపి అడగకండి, మనిషిని పూర్తిగా మాట్లాడనిచ్చి, తర్వాత తీరిగ్గా కూర్చుని వాక్యం వాక్యం రాయించుకోండి.

సౌండ్ దగ్గరే చాలామంది దెబ్బతింటారు, అందుకే దీని గురించి ఎక్కువ చెబుతాను. సెరాలో సాయంత్రం సన్యాసులు చేసే శాస్త్ర వాదాలు చూడండి. ఒకరు కింద కూర్చుంటారు, జవాబు చెప్పేది ఆయన. ఎదురుగా ఒకరు నిలబడి ప్రశ్నిస్తారు, 'ధీః' అని, జ్ఞానానికి ప్రతీకైన బోధిసత్వుడు మంజుశ్రీ బీజాక్షరంతో మొదలుపెట్టి, ప్రశ్న చివర ఎడమ కాలు నేలకేసి కొట్టి, కుడి అరచేత్తో ఎడమ అరచేతి మీద చరుస్తారు. ఇలాంటి జంటలు ఆ ఆవరణలో వందలుంటాయి, అందరూ ఒకేసారి అరుస్తుంటారు. కెమెరా మీద మైకుతో తీస్తే గోల తప్ప ఏమీ వినబడదు. ఒక్క జంటని ఎంచుకోండి, కూర్చున్నాయనకి చిన్న కాలర్ మైకు ఇవ్వండి, దూరంగా గోడ పక్కన ఇంకో రికార్డర్ పెట్టి మొత్తం ఆవరణ చప్పుడు విడిగా పట్టండి. మైకు శాలువాకి పెడితే బరబరమని రాసుకుంటుంది, లోపలి చొక్కాకి పెట్టాలి, అదీ మీరు కాదు, ఆయన చేతికిచ్చి ఆయన్నే పెట్టుకోమనండి. చప్పట్ల దగ్గర సౌండ్ పగిలిపోతుంది, కాబట్టి లెవెల్ శిఖరాలు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆపి, రికార్డర్‌లో వీలుంటే ఇంకా తక్కువ లెవెల్లో సేఫ్టీ ట్రాక్ కూడా పెట్టుకోండి. మనిషి కంటే పొడుగుండే ఆ పెద్ద కొమ్ముబూరలు, దుంగ్‌చెన్లు, ఊదినప్పుడు ఆ అడుగు స్వరం ఛాతీలో తగులుతుంది, ఆ లోతు రావాలంటే మైకు బూర నోటికి ఎదురుగా కాకుండా పక్కన కాస్త ఎడంగా పెట్టాలి. ఖాళీ మందిరం నిశ్శబ్దం కూడా ఒక నిమిషం రికార్డ్ చేసుకోండి, ఎడిటింగ్‌లో బంగారంలా పనికొస్తుంది.

లైటింగ్ సంగతి తొందరగా చెప్పేస్తాను. లైట్లు తీసుకెళ్లొద్దు. 35 ఎంఎం, ఎఫ్ 1.8 లెన్స్ ఒకటి చాలు. మన కరెంటు 50 హెర్ట్‌జ్ కాబట్టి సెకనుకి 25 ఫ్రేములు, షట్టర్ 50లో ఒక వంతు పెట్టండి, లేకపోతే ట్యూబులైట్లు మినుకుమంటాయి. వైట్ బ్యాలెన్స్ ఆటోలో ఉంటే మెరూన్ బట్టలు ఒక్కో షాట్‌లో ఒక్కో రంగులో వస్తాయి. ట్రైపాడ్ కాళ్లు పరుపుల మీద పెట్టకండి, గ్రంథాలు దాటకండి, యాంగిల్ కోసం గురుపీఠం ఉన్న వేదిక ఎక్కకండి. ధర్మాన్ని కాపాడే దేవతల గది, గోంఖాంగ్ అంటారు, దానిలోకి కెమెరా వద్దు. దీక్షలిచ్చేటప్పుడు కూడా వద్దు.

మొహాలు చూపించడం గురించి మాత్రం ఆలోచించకుండా అడుగు వేయొద్దు. టిబెట్ నుంచి వచ్చినవాళ్లకు అక్కడ అమ్మానాన్నలో, అన్నదమ్ములో ఉంటారు. ఇక్కడ ఈయన కెమెరా ముందు అన్న ఒక్క మాట వల్ల అక్కడ వాళ్లకు ఇబ్బంది రావచ్చు. సంతకం పెట్టిన కాగితం ఉంది కదా అనుకోవద్దు, ఇంటర్వ్యూ అయ్యాక ఒకసారి, ఎడిటింగ్ అయ్యాక ఒకసారి మళ్లీ అడగండి, అప్పుడు వద్దంటే ఆ సీన్ ఎంత బాగున్నా తీసేయండి. నేను అలా తొమ్మిది నిమిషాలు తీసేశాను. పిల్లల విషయంలో మఠం పెద్దల అనుమతితో పాటు పిల్లవాణ్ణి కూడా అడగాలి. వాళ్లని పాపం పసివాళ్లు అన్నట్టు విషాద సంగీతం వేసి చూపిస్తే నాకు బాధేస్తుంది, ఆ పిల్లలు క్రికెట్ ఆడతారు, పాఠం ఎగ్గొడతారు, ఇంటికి ఫోన్ చేసి ఏడుస్తారు కూడా, అన్నీ ఉంటాయి, ఏ ఒక్కటో పట్టుకుని అదే వాళ్ల బతుకని చెప్పకండి. సన్యాసినుల్ని మర్చిపోవద్దు. గెలుగ్ సంప్రదాయంలో సన్యాసుల పెద్ద చదువుకిచ్చే గెషే పట్టాకి సమానమైన గెషేమా పట్టా మొదటిసారి 20 మంది ఆడవాళ్లకు దక్కింది 2016లో. దానికోసం రాత్రుళ్లు చదువుకునేవాళ్ల కథలు మన భాషలో ఎవరూ తీయలేదనుకుంటాను, తీయండి.

షూటింగ్ ఎప్పుడు పెట్టుకోవాలంటే, ఒక్క సీజన్ చాలదు. వానాకాలం మొక్కజొన్న వేస్తారు, సన్యాసులకు వర్షావాసం, అంటే మఠం దాటకుండా ఉండే దీక్ష. కోతలయ్యాక కుటుంబాలు స్వెట్టర్ల వ్యాపారానికి బయల్దేరతాయి, క్యాంపుల్లో తాతలూ మనవలూ మిగులుతారు, తాళాలు పడిన ఇళ్లు ఎక్కువ కనిపిస్తాయి. మళ్లీ ఫిబ్రవరి, మార్చి మధ్య వచ్చే లోసార్‌కి, అంటే వాళ్ల కొత్త సంవత్సరానికి, అందరూ తిరిగొస్తారు. లోసార్ ముందు మఠంలో ముసుగులు వేసుకుని ఆడే ఛామ్ నాట్యాలుంటాయి. టూరిస్టులంతా దానికోసం వస్తారు, మీరూ తీయండి, కానీ ఆ ముసుగుని పెట్టెలోంచి తీసి దుమ్ము దులిపి తాళ్లు బిగించే కుర్రవాడి చేతుల్ని ముందు తీయండి.

డబ్బిచ్చి ఇంటర్వ్యూలు తీయొద్దు. ఏదో ఒకటి ఇవ్వాలనిపిస్తే ప్రార్థనకి కూర్చున్న సన్యాసుల సభ మొత్తానికి టీ పెట్టించే పద్ధతి ఉంది, మఠం ఆఫీసులో చెబితే ఏర్పాటు చేస్తారు. పెద్దల్ని కలిసేటప్పుడు ఖతా, అంటే గౌరవంగా ఇచ్చే తెల్లటి కండువా, ఒకటి చేతిలో ఉండాలి.

ఎడిటింగ్‌లో నేను చేసిన తప్పు ఒకటి చెబుతాను, మీరు చేయకుండా ఉండటానికి. వంటశాల సీన్ కింద వినడానికి హాయిగా ఉందని ఒక ప్రార్థన వేశాను. రఫ్ కట్ తీసుకెళ్లి మఠంలోనే గోడకి దుప్పటి కట్టి ప్రొజెక్టర్ మీద చూపించాను. రొట్టెలు కాలుస్తున్న సీన్ రాగానే వెనక వరుసలో గుసగుసలు, తర్వాత ఒక గెన్-లా మెల్లగా చెప్పారు, అది చనిపోయినవాళ్ల కోసం చదివేది అని. ఎవరూ కోప్పడలేదు, కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అప్పటినుంచి రికార్డ్ చేసిన ప్రతి ప్రార్థనకీ అక్కడే, అప్పుడే పేరు, సందర్భం అడిగి ఫైలు పేరులోనే రాసుకుంటున్నాను. మీరు మాత్రం ఆ రఫ్ కట్ చూపించే పని ఎగ్గొట్టకండి, మన కళ్లకు ఎప్పటికీ కనబడని తప్పులు వాళ్లకు మొదటి నిమిషంలోనే కనిపిస్తాయి.

తెలుగు సబ్‌టైటిల్స్ వేసేవాళ్లు సాఫ్ట్‌వేర్‌లో సౌత్ ఏషియన్ టెక్స్ట్ ఇంజన్ ఎంచుకోండి, లేదంటే ఒత్తులన్నీ విడిపోతాయి. వాయిస్ ఓవర్ వీలైనంత తగ్గించండి.

ఇప్పుడు బైలకుప్పె వెళ్లడానికి సెలవులు లేవు, డబ్బు లేదు అంటారా, చలికాలం వచ్చేదాకా ఆగండి. విజయవాడలోనో, విశాఖలోనో, హైదరాబాద్‌లోనో టిబెటన్ల స్వెట్టర్ల దుకాణాలు పెడతారు కదా, మధ్యాహ్నం బేరాలు పెద్దగా లేని వేళ వెళ్లి, తాషీ దెలెక్ అని పలకరించి, ఏ సెటిల్‌మెంట్ నుంచి వచ్చారో అడగండి. నా సినిమా మొదటి షాట్ అక్కడిదే. ఒక ఆమా-లా బేరమాడుతున్న మన ఆవిడకి తెలుగులో 'ఫిక్స్‌డ్ రేటమ్మా' అని చెప్పి, ఆవిడ వెళ్లిపోయాక కౌంటర్ కింద నుంచి ఫోన్ తీసి, సెరాలో చదువుతున్న కొడుక్కి వీడియో కాల్ చేసింది. వాడు ఫోన్‌ని ఆవరణ వైపు తిప్పాడు. స్వెట్టర్ల మధ్య నుంచి చప్పట్లు వినబడ్డాయి.