పహియాస్ పండక్కి లుక్‌బాన్ వెళ్తున్నారా? ముందు ఇవి చూసుకోండి

ఫిలిప్పీన్స్‌లో మే 15 రైతుల పండగ. వ్యవసాయదారులు తమ రక్షకుడిగా కొలిచే సాన్ ఇసిద్రో పేరిట ఆ రోజు కెసోన్ ప్రావిన్సులోని లుక్‌బాన్ ఊరు ఊరంతా తినే వస్తువులతో ముస్తాబవుతుంది, అదే పహియాస్. ఇళ్ల ముందు వరి కంకులు, బెంగళూరు వంకాయలు, గుమ్మడికాయలు, గుత్తులు గుత్తులుగా కిపింగ్ ఆకులు వేలాడతాయి. బియ్యప్పిండి జావని కబల్ ఆకుల మీద పల్చగా పూసి, ఆవిరి మీద ఉడికించి, ఆరాక ఒలిచి తీసేదే కిపింగ్. మన పిండి వడియం ఆకు ఆకారంలో, గులాబీ, పసుపు, ఆకుపచ్చ రంగుల్లో ఉంటే ఎలా ఉంటుందో అలా ఉంటుంది.

మనీలా చుట్టుపక్కల మెడిసిన్ చదివే మన పిల్లలు ఈ పండక్కి వెళ్లాలని ప్లాన్ వేసుకుంటుంటారు. 2027లో మే 15 శనివారం పడుతోంది కాబట్టి ఆ వారాంతం రద్దీ మామూలుగా ఉండదు. ఇంట్లోవాళ్లు ఫోన్‌లో చెప్పే జాగ్రత్త ఎప్పుడూ ఒకటే: "అక్కడ పిండం ఉన్న బాతుగుడ్డు తింటారట, ముట్టుకోకు నాయనా." నిజానికి వేడివేడిగా ఉడికించిన బలూత్ వల్ల ఎవరికీ పెద్దగా ప్రమాదం లేదు. ఇష్టం లేకపోతే తినకండి, అంతే. లుక్‌బాన్‌లో జాగ్రత్తపడాల్సింది నీళ్లలా తేటగా కనిపించే లంబనోగ్ విషయంలో.

కెసోన్ కొబ్బరి తోటల సీమ. కొబ్బరి కల్లుని అక్కడ తుబా అంటారు. దాన్ని బట్టీ పెట్టి దించితే లంబనోగ్, అంటే కొబ్బరి సారా. పండగనాడు ప్రతి అరుగు మీదా ఒక సీసా, ఒకే ఒక్క గ్లాసు ఉంటాయి. ఒకాయన పోస్తుంటాడు, గ్లాసు వరసగా అందరికీ తిరుగుతుంది. అతిథిగా మీ వంతూ వస్తుంది. 2019 డిసెంబరులో క్రిస్మస్ ముందు లగూనా, కెసోన్ ప్రావిన్సుల్లో ఈ లంబనోగ్ తాగి పదిమందికి పైగా చనిపోయారు, 300 మందికి పైగా ఆస్పత్రుల పాలయ్యారు. కారణం మిథనాల్ అనే విషపు ఆల్కహాల్. వాసన చూసినా, రుచి చూసినా అది ఉందో లేదో తెలియదు. మంట పెట్టి రంగు చూసే పరీక్షలు నమ్మకండి. లేబుల్, అక్కడి ఎఫ్‌డీఏ (ఆహార, మందుల నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ నంబరు, సీలు ఉన్న సీసా తప్ప ఇంకోటి వద్దు. ప్లాస్టిక్ క్యాన్‌లోంచో, కూల్‌డ్రింక్ బాటిల్‌లోంచో పోస్తే ఎంత పెద్దమనిషి పోసినా వద్దనండి.

మరి మొహమాటం? గ్లాసు అందుకుని, నవ్వి, పక్కవారికి ఇచ్చేస్తే ఎవరూ ఏమీ అనుకోరు. "బావల్ సా అకిన్" అంటే నాకు నిషిద్ధం అని. ఆరోగ్యమో మతమో, ఏదో కారణం ఉందనుకుని వదిలేస్తారు. "ఇష్టం లేదు" అంటే మాత్రం బతిమాలి మరీ పోస్తారు.

తాగినవాళ్లలో ఎవరికైనా మర్నాడు కడుపునొప్పి, వాంతులు, ఆయాసం వచ్చినా, చూపు మంచులోంచి చూస్తున్నట్టు మసకబారినా హ్యాంగోవర్ అని పడుకోబెట్టకండి. మిథనాల్ విషం పనిచేయడానికి 12 నుంచి 24 గంటలు, కొన్నిసార్లు అంతకన్నా ఎక్కువ పడుతుంది. అందుకే మోసపోతారు. వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లి, ఏం తాగారో డాక్టరుకి చెప్పండి, సీసా దొరికితే అదీ పట్టుకెళ్లండి. విరుగుడు ఉంది, డయాలిసిస్ ఉంది, కానీ ఆలస్యమైతే కళ్లు పోతాయి. ఎమర్జెన్సీ నంబరు 911.

ఇక తిండి. లుక్‌బాన్ వెళ్లి పన్సిత్ హబ్‌హబ్ తినకుండా వస్తే వెళ్లనట్టే. అరటాకు ముక్కలో నూడుల్స్ పెట్టి, పైన వెనిగర్ గుమ్మరించి చేతికిస్తారు. చెంచా ఉండదు. ఆకుని దోసిలిలా మడిచి నోటి దగ్గర పెట్టుకుని లాగించడమే. మొదటిసారి సగం చొక్కా మీద పడుతుంది, తెల్ల చొక్కా వేసుకోకండి. పెనం మీద కళ్లముందు పొగలు కక్కుతున్నది తీసుకోండి. పొద్దున చేసి ట్రేలో పోసిపెట్టింది మధ్యాహ్నానికి గోరువెచ్చగా ఉంటుంది, కడుపు చెడేది దానివల్లే. వెనిగర్ పోశారు కదా, క్రిములు చస్తాయిలే అనుకోవద్దు.

శాకాహారులకి ఇది నిజంగా కష్టమైన ఊరు. హబ్‌హబ్‌లో పంది ముక్కలు పడతాయి. ఏరేసి ఇవ్వమంటే ఇస్తారు, కానీ నూనె, రసం అవే. ఆకుకూర వేపుడని తీసుకుంటే అందులో బగోంగ్ అనే రొయ్యల ముద్దో, పతీస్ అనే చేపల రసమో ఉంటుంది. పంది మాంసాన్ని బాబోయ్ అంటారు, మనవాళ్లు మర్చిపోయే మాట కాదు. బాకా అంటే గొడ్డు మాంసం, హీపోన్ అంటే రొయ్య. "వెజిటేరియన్" అంటే కొందరు చికెన్ పెడతారు కాబట్టి వీటిని ఒక్కొక్కటిగా పేరు పెట్టి అడగాలి. రొయ్యలు పడనివాళ్లు అలర్జీ మాత్రలు జేబులోనే ఉంచుకోండి. ధైర్యంగా తినగలిగేవి: కొబ్బరిపాలతో జిగురు బియ్యం వండి ఆకులో చుట్టిన సుమాన్, పంచదార పాకంలో వేయించిన అరటిపండ్లు, చిలగడదుంపలు. కర్రపెండలంతో చేసే బుదీన్ బాగుంటుంది, గుడ్డు తినేవాళ్లకి.

గోడకి వేలాడే కిపింగ్ అందంగా ఉందని తుంచి నోట్లో వేసుకోకండి. మర్యాద సంగతి అటుంచి, అది ఎండకి, దుమ్ముకి ఆరుబయట ఉన్నది. తినాలనుంటే అమ్మేచోట కొని వేయించుకోండి. అలంకరణలోంచి కూరగాయలు పీకడమూ అంతే, ఇంటివాళ్లు పంచితేనే తీసుకోవాలి. ఆ ఇళ్లకి పోటీ ఉంటుంది, బహుమతులు ఉంటాయి, వారాల తరబడి కష్టపడతారు. ఊరేగింపు దారి ఏటా మారుతుంది కాబట్టి ఒక్కో ఇంటికి మళ్లీ వంతు రావడానికి కొన్నేళ్లు పడుతుంది.

నీళ్లు సీలు బాటిల్‌వే తాగండి. ఐస్ వేసిన జ్యూస్‌ల దగ్గర మధ్యలో చిల్లు ఉన్న గొట్టం ముక్కల ఐస్ అయితే ఫ్యాక్టరీది, కొంత నయం. తురిమిన ఐస్ ఏ నీళ్లదో ఎవరికీ తెలియదు. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు మనిషికి రెండైనా ఉండాలి. బనహావ్ కొండ పక్కన ఉండటం వల్ల లుక్‌బాన్ మనీలా కన్నా కాస్త చల్లగా ఉంటుంది. అదే చిక్కు, దాహం తెలియక నీళ్లు తాగరు, జనంలో కళ్లు తిరిగి పడిపోతారు. మధ్యాహ్నం హఠాత్తుగా వాన కూడా పడుతుంది. జనంలో గొడుగు విప్పితే పక్కవాడి కన్ను పోతుంది, రెయిన్‌కోటే మేలు. దోమల మందు రాసుకోండి. తిరిగొచ్చాక రెండు వారాల్లోపు గట్టి జ్వరం వస్తే డెంగీ టెస్టు చేయించుకోండి. ఈలోపు పారాసిటమాల్ తప్ప ఇబుప్రొఫెన్, ఆస్పిరిన్ జోలికి పోవద్దు.

ప్రయాణం సంగతి క్లుప్తంగా. మనీలా నుంచి లుసేనాకి బస్సు, అక్కడి నుంచి తయాబాస్ మీదుగా లుక్‌బాన్‌కి జీప్నీ, అంటే అక్కడి షేర్ జీపు. మామూలు రోజున లుసేనా దాకా మూడు నాలుగు గంటలు పడుతుంది, పండగనాడు లెక్క చెప్పలేం. ముందురోజు సాయంత్రమే చేరిపోండి. లుక్‌బాన్‌లో గది నెలల ముందే బుక్ చేసుకోవాలి. దొరక్కపోతే తయాబాస్, లుసేనా చూడండి. అదే రోజు తయాబాస్‌లో సుమాన్‌లు జనం మీదకి విసిరే వేడుక ఉంటుంది. రెండూ చూద్దామని పరిగెత్తితే రోడ్డు మీదే సాయంత్రమైపోతుంది, ఒకటే ఎంచుకోండి. ఏటీఎంల దగ్గర పెద్ద క్యూలు ఉంటాయి, 20, 50, 100 పెసోల చిల్లర మనీలాలోనే తీసిపెట్టుకోండి. ఫోన్ వెనక జేబులో వద్దు.

చివరగా, ఊరికి పట్టుకెళ్లే లొంగనీసా. వెల్లుల్లి, ఒరెగానో దట్టించిన పంది సాసేజ్ ఇది. దుకాణాల ముందు దండలుగా వేలాడుతుంటే చూసి పొద్దున్నే కొనేస్తారు, ఎండలో రోజంతా సంచిలో తిప్పుతారు. పచ్చిది కాబట్టి బస్సెక్కే ముందు కొని, ఐస్ పెట్టిన బాక్సులో వేసుకోండి. ఇంటికెళ్లాక లోపల గులాబీ రంగు పోయేదాకా వండండి. దావావో లాంటి దూర ప్రాంతాల నుంచి విమానంలో వచ్చినవాళ్లు ఇంకోటి చూసుకోవాలి. 2019 నుంచి ఫిలిప్పీన్స్‌లో ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ అనే పందుల జబ్బు ఉండటంతో చాలా ప్రావిన్సులు బయటి పంది మాంసాన్ని రానివ్వడం లేదు. మనుషులకి ఆ జబ్బు సోకదు, కానీ ఎయిర్‌పోర్టులో ప్యాకెట్ లాగేసుకుంటారు. కొనే ముందే మీ ఎయిర్‌లైన్‌ని అడగండి. కుదరదంటే అక్కడే వేయించుకుని వెల్లుల్లి అన్నంతో తినేసి రండి.