డెఫ్ లైటు వెలిగిందని బాక్సు పెట్టించకండి, ముందు ఇవి చూడండి

బీఎస్6 (కొత్త కాలుష్య ప్రమాణాల) లారీకి మీటర్‌లో డెఫ్ (ఇంజిన్ పొగని శుభ్రం చేసే యూరియా ద్రవం) లైటు వెలిగి, పట్టించుకోకపోతే పికప్ పడిపోయి, లోడుతో ఘాట్ ఎక్కలేక బండి మొరాయించినప్పుడు ఎవరో ఒకరు వచ్చి "చిన్న బాక్సు పెట్టేస్తా, ఇక యూరియా ఖర్చే ఉండదు" అంటారు. దయచేసి ఒప్పుకోకండి. అంతా బాగుందని ఇంజిన్ కంప్యూటర్‌కి అబద్ధం చెప్పడమే ఆ బాక్సు పని. లోపం ఎక్కడిదక్కడే ఉంటుంది, నాక్స్ (నైట్రోజన్ ఆక్సైడ్లనే విషవాయువులు) మాత్రం సైలెన్సర్‌లోంచి నేరుగా వచ్చి టోల్ గేటు దగ్గర మన వెనక బైకు మీదున్నవాళ్ల ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

ముందు డెఫ్ ట్యాంకు మూత తీసి చూడండి. మంచి డెఫ్‌కి రంగుండదు. రంగు మారినా, డీజిల్ వాసన వచ్చినా బండి స్టార్ట్ చేయకుండా ట్యాంకు ఖాళీ చేయించండి. యూరియా 32.5 శాతం ఉండాలి, రిఫ్రాక్టోమీటర్ (గాఢత చూపే చిన్న పరికరం) మీద ఒక్క చుక్క వేస్తే తెలిసిపోతుంది. మన ఎండలకి క్యాన్లు లారీ పైన పడేస్తే సరుకు తొందరగా పాడవుతుంది, నీడలో పెట్టండి.

తర్వాత నాక్స్ సెన్సర్ల ప్లగ్గులు, వైర్లు చూడండి. ఎలుక కొరికిన ఒక్క వైరు చాలు లైటు వెలగడానికి. పొగలోకి డెఫ్‌ని చిమ్మే డోసింగ్ ఇంజెక్టర్ చుట్టూ తెల్లగా ఉప్పులా పేరుకుంటే ఇంజిన్ చల్లారాక గోరువెచ్చని నీళ్లతో కరిగించాలి, స్క్రూడ్రైవర్‌తో గీకొద్దు. అప్పటికీ పోకపోతే స్కానర్ పెట్టించి, అందులో కనిపించే లోపం కోడ్‌ని చెరపనివ్వకుండా ముందు దాని నంబరు రాసుకోండి.

డ్రైవరుకి ఒక్కటి గట్టిగా చెప్పండి: కీ ఆపిన వెంటనే బ్యాటరీ స్విచ్ కట్ చేయకూడదు. చాలా బండ్లలో పంపు లైన్లలో మిగిలిన యూరియాని ట్యాంకులోకి వెనక్కి లాగుతుంది, దానికి కాస్త టైం ఇవ్వాలి. లేకపోతే అది లోపలే గడ్డకడుతుంది.

పొల్యూషన్ సర్టిఫికెట్ వచ్చింది కదా అని ధీమా వద్దు. డీజిల్ బండికి ఆ టెస్టులో చూసేది పొగ చిక్కదనమే, నాక్స్ కాదు. అనుమతి లేని మార్పుకి మోటారు వాహనాల చట్టం 182ఏ(4) కింద ఒక్కో మార్పుకి 5,000 జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. కాలుష్య నిబంధన తప్పితే 190(2) కింద 10,000 వరకు జరిమానా, మొదటిసారైతే మూడు నెలల వరకు జైలు కూడా పడొచ్చు.

ఇప్పటికే బాక్సు ఉంటే తీయించేయండి. ఇన్నాళ్లూ నడవని పంపు, ఇంజెక్టర్ బిగుసుకుపోయి ఉండొచ్చు కాబట్టి, బైపాస్ చేసిన సంగతి సర్వీసు వాళ్లకి దాచకుండా చెప్పి, వాటిని విప్పి చూశాకే కొత్త డెఫ్ పోయించండి.