చలిదేశంలో కరివేపాకును ఇంటిలోపల పెంచడం

పెరటి నేలలో కరివేపాకును పెంచిన అనుభవం న్యూజెర్సీ చలికాలంలో సగమే పనికివస్తుంది. రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెల్సియస్‌కు పడిపోకముందే కుండీని లోపలికి తేవాలి. తెచ్చేముందు ఆకుల అడుగుభాగాన్నీ కాండాన్నీ నీటితో కడిగి, పొలుసు పురుగులు, ఎర్రనల్లి లేవని నిర్ధారించుకోవాలి.

ఆరుబయట ఎండ చేసే పనిని లోపల దీపమే చేయాలి కాబట్టి, తెల్లని కాంతినిచ్చే ఎల్ఈడీ దీపాన్ని కొమ్మల చివరలకు సుమారు 30 సెంటీమీటర్ల ఎత్తున అమర్చి, రోజుకు 12 నుంచి 14 గంటలు వెలిగించాలి. దక్షిణపు కిటికీ వెలుగు ఒక్కటే డిసెంబరులో చాలదు.

అసలు ప్రమాదం నీటితోనే వస్తుంది. చల్లని తడిమట్టిలో వేర్లు త్వరగా కుళ్లుతాయి కనుక, రోజూ నీళ్లు పోసే పెరటి అలవాటును మానుకుని, పైమట్టి రెండు అంగుళాల లోతు వరకు ఆరిన తరువాతే పోసి, పళ్లెంలో నిలిచిన నీటిని పారబోయాలి. కొన్ని ఆకులు రాలడం సహజం. ఆ సమయంలో కంగారుపడి ఎరువు వేయడం మొక్కకు మేలు చేయదు. కొమ్మను గోటితో గీరినప్పుడు లోపల పచ్చదనం కనిపిస్తే, అది వసంతంలో తప్పక చిగురిస్తుందన్న ఆశతో ఓపిక పట్టాలి.

చలి పూర్తిగా తగ్గాక, కుండీని పది రోజులపాటు నీడలో ఉంచి, ఆ తరువాతే ఎండలోకి మార్చాలి.