గీతలు నిండుగా ఉన్నా మేడ మీద నెట్ నెమ్మదిగా ఉంటే: మెష్ వైఫై సమస్య - పరిష్కారం

మేడ మీది గదిలో ఫోన్‌పై వైఫై గీతలు నిండుగా కనబడుతున్నా వీడియో ఆగి ఆగి వస్తోందంటే, ముందుగా అనుమానించవలసింది ఆ గదిలోని మెష్ నోడ్‌కూ (రౌటర్ నుంచి నెట్ అందుకుని చుట్టుపక్కలకు పంచే తోడు పెట్టెకూ) కింద ఉన్న ప్రధాన రౌటర్‌కూ మధ్య గాలిలో నడిచే లంకెను. దీన్నే బ్యాక్‌హాల్ అంటారు. గీతలు ఫోన్‌కూ నోడ్‌కూ మధ్య సంకేత బలాన్ని మాత్రమే చూపుతాయి. సోమశిల జలాశయం నిండి, పొలం పక్క పంట బోదె శుభ్రంగా ఉన్నా, నడుమ కాలువ పూడిపోతే చివరి ఆయకట్టుకు నీరు అందదు కదా.

అనుమానాన్ని నిర్ధారించుకోవడానికి పది నిమిషాలు చాలు. మొదట ల్యాప్‌టాప్‌ను ప్రధాన రౌటర్‌కు కేబుల్‌తో కలిపి వేగం చూడాలి. అక్కడే తక్కువగా ఉంటే లోపం మెష్‌ది కాదు. నెల్లూరు వేదాయపాళెంలోని మా ఇంట్లో 200 ఎంబీపీఎస్ ప్లాన్‌కు కింద 190 వచ్చేది, పై నోడ్ పక్కనే నిలబడినా 45 దాటేది కాదు. ఆ నోడ్‌ను కిందికి తెచ్చి, రౌటర్‌కు చిన్న కేబుల్‌తో తగిలించి, దాని వైఫైలోనే చూస్తే 180 వచ్చింది. నోడ్ నిర్దోషి అని తేలిపోయింది.

కారణాలు రెండు. డ్యూయల్ బ్యాండ్ (2.4, 5 గిగాహెర్ట్జ్ అనే రెండు తరంగ శ్రేణులు వాడే) మెష్‌లలో సాధారణంగా ఒకే 5 గిగాహెర్ట్జ్ రేడియో అటు రౌటర్‌తోనూ ఇటు ఫోన్‌తోనూ వంతులవారీగా మాట్లాడుతుంది కనుక, ప్రతి డేటా ముక్కా అదే గాలిలో రెండుసార్లు ప్రయాణించి, వేగం దాదాపు సగానికి పడిపోతుంది. రెండో నోడ్ నుంచి మూడో నోడ్‌కు గొలుసుగా కలిపితే మళ్లీ కోత పడుతుంది. అందుకే వీలైనంతవరకు ప్రతి నోడ్‌నూ నేరుగా ప్రధాన రౌటర్‌కే కలపాలి. ఇక రెండో కారణం మన ఇళ్ల కట్టుబడి. ఇనుప కడ్డీలున్న స్లాబును దాటేసరికి 5 గిగాహెర్ట్జ్ తరంగాలు బాగా నీరసిస్తాయి.

నేను చేసిన పొరపాటే చాలామంది చేస్తారు: సంకేతం అందని గదిలోనే, అదీ ఇనుప బీరువా పక్కన, నోడ్ పెట్టాను. అందనిచోట పెట్టిన నోడ్‌కూ అందదన్న సంగతి తట్టలేదు. సంకేతం ఇంకా బలంగా ఉన్నచోట, అంటే సుమారు సగం దూరంలో, దాన్ని పెట్టాలి. మెట్ల దగ్గర స్లాబు అడ్డం ఉండదు కాబట్టి, మెట్లు ఎక్కగానే వచ్చే గోడకు మార్చాను. మెష్ యాప్‌లో మైనస్ 78 డీబీఎం (సంకేత బలానికి కొలత; సున్నాకు దగ్గరయ్యేకొద్దీ బలం ఎక్కువ) ఉన్న బ్యాక్‌హాల్ బలం మైనస్ 61కి చేరి, గదిలో వేగం 95 అయింది.

అంతకుమించి కావాలంటే బ్యాక్‌హాల్ కోసమే ప్రత్యేక రేడియో ఉన్న ట్రైబ్యాండ్ మెష్ కొనవచ్చు గాని, స్లాబు దానికీ అడ్డే. నా మాటకొస్తే, ఆ డబ్బులో కొంత పెట్టి మెట్ల పక్కగా క్యాట్ 6 రకం నెట్‌వర్క్ కేబుల్ లాగించుకోవడమే మేలు. కేబుల్ వేశాక కూడా వేగం 94 దగ్గరే నిలిచిపోతే, ఏదో ఒక పరికరం పోర్టు 100 ఎంబీపీఎస్‌దే అయినా అయి ఉండాలి, లేదా కనెక్టర్‌లో ఒక తీగ సరిగా కూర్చోకపోయి ఉండాలి; గిగాబిట్‌కు ఎనిమిది తీగలూ అవసరం.

వేగం బాగానే ఉండి, ఎప్పుడో ఒకసారి నిమిషంపాటు మేడ మీద నెట్ పూర్తిగా పోతుంటే, అది వేరే జబ్బు. బ్యాక్‌హాల్ రాడార్లు కూడా వాడే 52 నుంచి 144 వరకు గల ఛానళ్లలో ఉంటే, రాడార్ సంకేతమని అనుమానం వచ్చినప్పుడు రౌటర్ ఆ ఛానల్‌ను వదిలేస్తుంది. అటువంటిదే మరో ఛానల్‌కు మారితే, కనీసం ఒక నిమిషం విని గాని ప్రసారం మొదలుపెట్టదు. సెట్టింగ్స్‌లో వీలుంటే 36 నుంచి 48 లోపు ఛానల్‌ను ఎంచుకోవాలి.

కేబుల్ తగిలించాక యాప్‌లో ఆ నోడ్ పక్కన వైర్డ్ అని కనబడుతోందో లేదో చూడండి. కనబడకపోతే నోడ్‌ను ఒకసారి ఆపి తిరిగి వేయాలి. మా ఇంట్లో అది రెండు రోజులు కేబుల్ ఉండగానే గాలిలో నడిచింది.