చరిత్రలో ఈ రోజు: బోర్డు రాయడం నేర్చుకుందాం – 4వ పాఠం: తిథి నుంచి తేదీకి

ముందు, ఇచ్చిన తేదీ ఏ వారమో కనుక్కోమని గత పాఠంలో ఇచ్చిన మూడు లెక్కల జవాబులు. ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని కోవెలకుంట్లలో ఉరితీసిన 1847 ఫిబ్రవరి 22 సోమవారం. కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన 1953 అక్టోబరు 1 గురువారం. గాడిచర్ల హరిసర్వోత్తమరావు కన్నుమూసిన 1960 ఫిబ్రవరి 29 సోమవారం.

మొదటిదానికి శనివారం వచ్చినవాళ్లు 1800ల శతాబ్దానికి కలపాల్సిన 2 మరిచిపోయారు. ఏడాది చివరి రెండంకెలు 47, దాన్ని నాలుగుతో భాగిస్తే వచ్చే 11, ఫిబ్రవరి నెలకు పెట్టుకున్న అంకె 4, తేదీ 22, శతాబ్దానికి 2, మొత్తం 86. ఏడుతో భాగిస్తే 2 మిగులుతుంది. ఒకటి ఆదివారం కాబట్టి రెండు సోమవారం. మూడోదానికి మంగళవారం వచ్చిందంటే లీపు సంవత్సరంలో జనవరి, ఫిబ్రవరి తేదీలకు ఒకటి తీసేయాలన్న మాట మీకు గుర్తులేదు. అందరూ తప్పేది ఇక్కడే.

బోర్డుకెక్కించే ఒక్కో సంఘటనకు ఒక్కో కార్డు రాసి తేదీల వరుసలో పెట్టెలో ఉంచుతాం కదా, అందులో గాడిచర్ల కార్డు ఎక్కడ పెట్టాలనేది ఇంకో చిక్కు. ఫిబ్రవరి 29కి పెట్టెలో విడిగా అర ఉంచండి. లీపు కాని ఏడు ఆ కార్డును 28న బోర్డుకెక్కించవచ్చు కానీ, దాని మీది తేదీ మాత్రం 29గానే ఉండాలి. 28గా దిద్దారంటే వచ్చే ఏడు రాసేవాళ్లు ఆ తప్పునే ఎత్తి రాస్తారు.

ఇక ఈ వారం పని. బడిలోనో గ్రంథాలయంలోనో బోర్డు రాసేవాళ్లకు 1800 తర్వాతి తేదీలతో పెద్ద తంటా ఉండదు. అంతకు ముందుకు వెళ్తే శాసనాల్లోనూ రాగిరేకుల్లోనూ శకం, సంవత్సరం పేరు, మాసం, పక్షం, తిథి ఉంటాయే గాని జనవరి, ఫిబ్రవరి ఉండవు. ఎవరో ఎప్పుడో మార్చిపెట్టిన తేదీని మనం కళ్లు మూసుకుని ఎత్తి రాస్తుంటాం. అది సరైనదో కాదో తేల్చుకోవడానికి కాగితం, పెన్సిలు, ఒక పంచాంగం చాలు.

ఉదాహరణకు తాళ్లపాక అన్నమాచార్యులు. ఆయన మరణ తేదీగా మనం బోర్డు మీద రాసేది 1503 ఫిబ్రవరి 23. మూలంలో, అంటే తిరుమల రాగిరేకులో ఉన్నది శక 1424, దుందుభి, ఫాల్గుణ బహుళ ద్వాదశి. కార్డుకు నడుమ నిలువుగా గీత గీయండి. ఎడమ పక్క మూలంలో ఉన్నది ఉన్నట్టు దించండి, కుడి పక్క మీ లెక్క వేయండి. ఎడమ పక్కను ఎప్పటికీ దిద్దకూడదు.

మొదట సంవత్సరం పేరు. శక సంఖ్యకు 12 కలిపి 60తో భాగించండి. 1424కు 12 కలిపితే 1436. అందులో 1380 పోతే 56. ప్రభవ మొదలు వరుసగా లెక్కపెడితే యాభై ఆరో పేరు దుందుభి. అంకె, పేరు కలిశాయి. సున్నా మిగిలితే అక్షయ అని అర్థం. కొన్ని శాసనాల్లో అంకెకూ పేరుకూ ఒక ఏడు తేడా వస్తుంది. గడిచిన శకాన్ని కాకుండా నడుస్తున్న శకాన్ని లెక్కించి చెక్కడం వల్ల వచ్చే తేడా అది. అలాంటప్పుడు పేరునే నమ్మండి. అంకె చెక్కడంలో చెయ్యి జారవచ్చు, ఆ ఏడు పేరు మాత్రం ఊళ్లో అందరి నోటా ఉండేది.

రెండోది, శకాన్ని క్రీస్తు శకంలోకి మార్చడం. 78 కలిపితే 1502 వస్తుంది. చాలామంది ఇక్కడే ఆగి 1502 అని రాసేస్తారు. దుందుభి ఉగాది వచ్చింది 1502లో. ఫాల్గుణమేమో ఏడాది చివరి నెల, అప్పటికి జనవరి దాటిపోయి ఉంటుంది. అందుకే మాఘ, ఫాల్గుణాలకు 78 కాదు, 79 కలపాలి. చైత్రం నుంచి మార్గశిరం దాకా సాధారణంగా 78 సరిపోతుంది. పుష్యం మాత్రం రెండేళ్ల మీదా కాలు వేసి నిలబడుతుంది, దాన్ని ప్రతిసారీ విడిగా చూడాల్సిందే. మూలంలో అధికమాసమో నిజమాసమో చెప్పి ఉంటే ఆ మాటనూ దించుకోండి, వదిలేస్తే నెల రోజులు తప్పిపోతాం.

ఇప్పుడు తిథి. ఇది కొంచెం ఓపిక అడుగుతుంది, కానీ అసలు రుచి ఇందులోనే ఉంది. బహుళ ద్వాదశి అంటే పున్నమి దాటి పన్నెండో రోజు. 1503 ఫిబ్రవరిలో పున్నమి ఎప్పుడొచ్చిందో తెలిస్తే చాలు. దానికి ఆ దగ్గరలో తేదీ కచ్చితంగా తెలిసిన చంద్రగ్రహణం ఒకటి పట్టుకోవాలి, ఎందుకంటే గ్రహణం పున్నమినాడే పడుతుంది. 1504 ఫిబ్రవరి 29 రాత్రి జమైకాలో కొలంబస్ చూసిన గ్రహణం అందుకు బాగా పనికొస్తుంది. ఆయనకూ మన అన్నమయ్యకూ ఏ సంబంధమూ లేదు, ఉన్న చంద్రుడు మాత్రం ఒక్కడే.

పన్నెండు చాంద్రమాసాలంటే 354 రోజులు. 1504 ఫిబ్రవరి 29 ఆ ఏడాదిలో అరవయ్యో రోజు. అక్కడి నుంచి 354 వెనక్కి వెళ్తే 1503లో డెబ్భై ఒకటో రోజు, అంటే మార్చి 12 దగ్గర పున్నమి. ఇంకో నెల, 29 రోజులు, వెనక్కి జరిగితే ఫిబ్రవరి 11. దానికి పన్నెండు కలపండి. ఫిబ్రవరి 23. మనం రాస్తున్న తేదీ నిలబడింది.

ఒక రోజు అటూ ఇటూ వస్తే కంగారు పడొద్దు. పొద్దు పొడిచే వేళకు ఏ తిథి ఉందో ఆ రోజుకు ఆ తిథే చెబుతాం. పైగా చాంద్రమాసం 29 రోజులూ కాదు, 30 రోజులూ కాదు, ఇరవై తొమ్మిదిన్నరకు కాస్త ఎక్కువ. మూడు నాలుగు రోజుల తేడా వచ్చిందంటే మాత్రం మీ లెక్కైనా తప్పు, దొరికిన తేదీ అయినా తప్పు.

ఈ లెక్క ఇంకో సంగతి కూడా బయటపెట్టింది. ఫిబ్రవరి 23 అన్నది పాత జూలియన్ క్యాలెండర్ తేదీ. కొలంబస్ గ్రహణం తేదీ కూడా అదే క్యాలెండర్‌ది, అందుకే రెండూ కుదిరాయి. ఇప్పటి గ్రెగోరియన్ లెక్కలో ఆ రోజు మార్చి 5. తేడా ఎంతన్నది శతాబ్దాన్ని బట్టి మారుతుంది: 1500 మార్చి నుంచి 1700 ఫిబ్రవరి దాకా 10 రోజులు, 1700లలో 11, 1800లలో 12, 1900 నుంచి 13. రష్యాలో అక్టోబరు విప్లవం మనకు నవంబరు 7న రావడం ఈ పదమూడు వల్లనే. మన పద్ధతి ఏమిటంటే, గ్రెగోరియన్ క్యాలెండర్ వచ్చిన 1582కు ముందువాటిని పాత క్యాలెండర్‌లోనే ఉంచి, కార్డు మూలన ‘పా’ (పాతది) అని వేస్తాం. సగం కార్డులు మార్చి సగం మార్చకపోతే పెట్టె మొత్తం పాడవుతుంది.

అన్నమయ్య వర్ధంతి జరిపేది మాత్రం తిథి ప్రకారం. ఫిబ్రవరి 23న బోర్డు మీద ‘నేడు వర్ధంతి’ అని రాస్తే చూసినవాళ్లు నిలదీస్తారు, వాళ్లదే న్యాయం. ‘1503: అన్నమాచార్యుల మరణం’ అని రాసి ఊరుకోండి.

1582లో కొత్త క్యాలెండర్ వచ్చింది కదా, ఇక బాధ లేదనుకోవద్దు. ఇంగ్లిషువాళ్లు 1752 సెప్టెంబరు దాకా పాతదానికే అంటిపెట్టుకున్నారు, ఫ్రెంచివాళ్లు ముందే మారారు. మన కడప, కర్నూలు నవాబులు కుట్రలో కలిసి, జింజి దగ్గర జరిగిన హైదరాబాదు నిజాం నాసిర్‌జంగ్ హత్య ఒకచోట 1750 డిసెంబరు 5 అని, ఇంకోచోట డిసెంబరు 16 అని కనబడుతుంది. రెండూ ఒకటే రోజు, తేడా సరిగ్గా పదకొండు. అలా పదో పదకొండో తేడా కనిపిస్తే ‘భిన్నాభిప్రాయాలున్నాయి’ అని రాసి తప్పించుకోకుండా, ఎవరి కాగితమో చూడండి.

రోజుల లెక్కలోనూ ఒక మెలిక ఉంది. పొట్టి శ్రీరాములు 1952 అక్టోబరు 19న దీక్ష మొదలుపెట్టి డిసెంబరు 15న మరణించారు. 58 రోజులంటారు. తీసివేత చేస్తే 57 వస్తుంది. మొదటి రోజునూ చివరి రోజునూ రెండింటినీ లెక్కపెడితేనే 58: అక్టోబరులో 13, నవంబరులో 30, డిసెంబరులో 15. ఆయన పోయింది రాత్రి పూట, కాబట్టి ఆ వార్త ఉన్న పత్రిక మీద మరుసటి రోజు తేదీ ఉంటుంది. పత్రిక తేదీని మరణ తేదీగా ఎక్కించే పొరపాటు మనవాళ్లలో మహా ఎక్కువ.

ఊరి పేరు పక్కన జిల్లా రాసేటప్పుడు కూడా ఇలాగే ఆగి చూడాలి. 1847లో కోవెలకుంట్ల కడప జిల్లాలో ఉంది. 1858లో కర్నూలు జిల్లా అయింది. 2022 ఏప్రిల్ నుంచి నంద్యాల జిల్లా. బోర్డు మీద ‘కోవెలకుంట్ల (నేటి నంద్యాల జిల్లా)’ అంటే ఎవరితోనూ పేచీ ఉండదు. అక్టోబరు 1 కార్డులో కూడా ‘ఆంధ్ర రాష్ట్రం’ అనే ఉండాలి. ‘ఆంధ్రప్రదేశ్’ 1956 నవంబరు 1న, హైదరాబాదు రాజధానిగా వచ్చింది. టంగుటూరి ప్రకాశం మొదటిదానికి తొలి ముఖ్యమంత్రి, అనంతపురం జిల్లా ఇల్లూరులో పుట్టిన నీలం సంజీవరెడ్డి రెండోదానికి.

వచ్చే వారానికి లెక్కలు. అన్నమయ్య రాగిరేకులోనే శక 1346, క్రోధి అని ఉంది. పన్నెండు కలిపి అంకె, పేరు కుదిరాయో లేదో చూడండి. పత్తికొండలో కలరాతో మద్రాసు గవర్నరు థామస్ మన్రో మరణించిన 1827 జూలై 6 ఏ వారం, ఆ తేదీ పాతదా కొత్తదా? పెట్టెలో 1752కు ముందు తేదీలున్న కార్డులన్నీ బయటికి తీసి, ‘పా’ వేయాల్సినవి విడిగా కట్టండి. ఐదో పాఠంలో కర్నూలు నవాబుల కాగితాల్లోని హిజ్రీ (ముస్లిం క్యాలెండర్) తేదీల పని పడదాం. అక్కడ రోజు పొద్దుగూకడంతో మొదలవుతుంది, కాబట్టి రబ్బరు దగ్గర పెట్టుకోండి.