యలహంకలో స్టెల్త్ ఫైటర్ విన్యాసం ఎలా చూడాలి: అనంతపురం నుంచి వెళ్లేవాళ్లకు

బెంగళూరు దగ్గర యలహంక వైమానిక స్థావరంలో జరిగే విమానాల ప్రదర్శన ఏరో ఇండియా రెండేళ్లకోసారి. మనకు యలహంక దాదాపు 200 కిలోమీటర్లే కాబట్టి తెల్లవారుజామున బయల్దేరి, దారిలో ఉగ్గాని బజ్జీ తిని వెళ్లిపోవచ్చు. 2025లో రాడార్‌కు సులువుగా చిక్కని స్టెల్త్ ఫైటర్లు రష్యా సు-57, అమెరికా ఎఫ్-35 రెండూ అక్కడికొచ్చాయి. నేను మొదటిసారి వెళ్లినప్పుడు ఫోన్‌లో వీడియో తీస్తూ కూర్చున్నా, ఇంటికొచ్చి చూస్తే ఖాళీ ఆకాశం, ఎవరిదో మోచేయి. ఫోన్ జేబులో పెట్టేయండప్పా.

వెళ్లేముందు ఒక పని చేయండి. బండి వెనక కూర్చున్నప్పుడు అరచేయి గాలికి చాపి, ముందు అంచు కొంచెం ఎత్తండి, చెయ్యి దానంతటదే పైకి లేస్తుంది. ఇంకా ఎత్తుతూ పోతే ఒకచోట లేపే బలం పోయి వెనక్కి నెట్టేస్తుంది, అదే స్టాల్. మామూలు విమానానికి అక్కడ పట్టు తప్పుతుంది. అమెరికా స్టెల్త్ ఫైటర్ ఎఫ్-22కి మాత్రం ఇంజన్ నాజిళ్లు (వెనక మంట బయటికొచ్చే మూతులు) పైకీ కిందికీ 20 డిగ్రీల దాకా వంగుతాయి, రెక్కలు చేతులెత్తేసినా మంటను మళ్లించి ముక్కు తిప్పేస్తుంది. సు-57 నాజిళ్లూ వంగుతాయి, స్టెల్త్ కాకపోయినా మన సుఖోయ్-30 ఎంకేఐవి కూడా. ఎఫ్-35కి ఈ సదుపాయం లేదు, అయినా దాని ‘ఎ’ రకం 9జీ మలుపు తట్టుకుంటుంది. 9జీ అంటే 70 కిలోల పైలట్ 630 కిలోలు తూగుతాడు, అంటే పాతిక కిలోల బియ్యం సంచులు పాతిక!

గట్టి మలుపులో రెక్కల మీద తెల్లగా కనిపించేది పొగ కాదు, ఒత్తిడి తగ్గి చల్లబడిన గాలిలోని తేమ.

ఇక ముక్కు ఎటు చూస్తోంది, విమానం నిజానికి ఎటు పోతోంది, ఈ రెండూ విడివిడిగా గమనించండి. కోబ్రా (పాము పడగలా ముక్కు పైకెత్తి గాల్లో నిలబడినట్టు ఆగే విన్యాసం) చూసి అందరూ ఈలలేస్తారు గానీ, 1989లో పారిస్ ఎయిర్ షోలో సోవియట్ పైలట్ పుగచేవ్ చేసి చూపించిన సు-27కి వంగే నాజిల్ లేదు, స్టెల్తూ కాదు. పైగా ఆ క్షణాన వేగమంతా పోతుంది, నిజం యుద్ధంలో అలా నిలబడితే తేలికగా దొరికిపోతుంది. అందుకే నేను మనసులో అంకెలు లెక్కపెడతా, ఆగిన దగ్గర్నుంచి మళ్లీ వేగం అందుకోవడానికి ఎంతసేపు పట్టిందో. అసలు పస అక్కడుంది.

శబ్దం వచ్చిన వైపు చూడొద్దు, కిలోమీటరు దూరానికి అది 3 సెకన్లు ఆలస్యం. ఎప్పుడూ దానికంటే ముందుకు చూడండి. పిల్లలుంటే ఇయర్‌ప్లగ్స్ కొనండి, ఆఫ్టర్‌బర్నర్ (అదనపు బలం కోసం ఇంజన్ వెనక భాగంలో ఇంకా ఇంధనం మండించే ఏర్పాటు) మోత దూదికి ఆగేది కాదు.